‘పిస్తిస్’: వక్తృత్వ శాస్త్రంలోని నాలుగు పదాలు, మన తీరం నేర్పిన పాఠం

గ్రీకు భాషలోని ‘రెటోరికే’ అను పదాన్ని మనం తరచుగా ‘అలంకార శాస్త్రం’ అని అనువదిస్తాము. ఇది పాఠకుని కొంత దారి తప్పిస్తుంది. మన అలంకార శాస్త్రం ప్రధానంగా కావ్యాన్ని గూర్చినది. ఉపమ, రూపకం, రసం, ధ్వని మొదలైనవి అందులోని విషయాలు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ రాసిన ‘రెటోరిక్’ సభలోను, న్యాయస్థానంలోను వినువారిని ఒప్పించే మార్గాలను పరిశీలిస్తుంది. కనుక ‘వక్తృత్వ శాస్త్రం’ అనడమే సమంజసం.

ఒప్పించే ఆధారాన్ని అరిస్టాటిల్ ‘పిస్తిస్’ అన్నాడు. క్రొత్త నిబంధనలో మనం ‘విశ్వాసము’ అని చదివే మాట ఇదే. వక్త తన మాటతో కలిగించే ఆధారాలను ఆయన మూడుగా విభజించాడు.

1. లోగోస్: ప్రసంగంలోని తర్కం, ఉదాహరణలు.

2. పాతోస్: వినువారిలో కలిగే జాలి, భయం, కోపం వంటి భావాలు.

3. ఈతోస్: వక్త గుణశీలంపై వినువారికి కలిగే నమ్మకం. ఇది ప్రసంగంలోనే పుట్టాలని అరిస్టాటిల్ భావించాడు. రోమా వక్తలు అతని పూర్వ జీవితాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు.

వీటితో పాటు గ్రీకు వక్తలు పాటించిన నాలుగవ పదం ‘కైరోస్’, అనగా తగిన సమయం.

ఈ పదాలు ఎంత బరువైనవో మన చరిత్రలోనే చూడవచ్చు. 1876–78 కరువులో, అప్పటి నెల్లూరు జిల్లాలోని ఒంగోలులో పరిచర్య చేస్తున్న జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. తెలుగు బోధకులు కూలీల మధ్యనే ఉండి పనిని పర్యవేక్షిస్తూ సువార్త చెప్పారు. అనేకులు బాప్తిస్మము కోరారు. అయినా సుమారు పదిహేను నెలలు క్లౌ ఎవరికీ బాప్తిస్మమియ్యలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చారేమోనని ఆయన సందేహం. సహాయ నిధి అయిపోయిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ నిరీక్షణలో కైరోస్ ఉంది. అదే బోధకుల ఈతోస్‌ను కాపాడింది.

2004 డిసెంబరు 26న సునామీ మన తీరాన్ని తాకిన తరువాత, బియ్యం సంచితో పాటు కరపత్రం ఇచ్చినవారిలో నేనూ ఒకడిని. ఒక మత్స్యకార పెద్ద, “అయ్యగారూ, బియ్యం కావాలంటే ఈ కాయితం గూడా తీసుకోవాల్నా?” అని అడిగాడు. నాకు జవాబు దొరకలేదు. కరపత్రంలోని వాక్యం సత్యమే, దాని తర్కంలోనూ లోపం లేదు. సమయం తప్పింది. ఆకలిగొన్నవాని చేతిలో అది సువార్తగా కాక షరతుగా కనిపించింది.

జ్ఞానయుక్తమైన తియ్యని మాటలను వాడలేదని పౌలు కొరింథీయులకు వ్రాశాడు (1 కొరింథీ 2:4). అయితే అక్కడ ‘దృష్టాంతము’ అని తర్జుమా అయిన ‘అపోదెయిక్సిస్’ కూడా ఈ శాస్త్రానికి తెలిసిన పదమే. నిరూపణ అని దాని అర్థం. పౌలు ఒప్పించడాన్ని మానలేదు. ఆ నిరూపణకు ఆధారం వక్త నేర్పు కాదని, ఆత్మయొక్క శక్తి అని చెప్పాడు. కనుక ప్రసంగం సిద్ధపరచుకొనేటప్పుడు “ఏమి చెప్పాలి?” అనే ప్రశ్న ఒక్కటే చాలదు. వినువాడు కాదనడానికి స్వేచ్ఛ కలిగి ఉన్నాడా అని కూడా మనం అడుగుకోవాలి. ఆ స్వేచ్ఛ లేనిచోట ఒప్పుకోలు దొరకవచ్చును గాని విశ్వాసం దొరకదు.