మీకు తెలుసా? పెద్దవాళ్ళు ఎప్పుడు పోతారో లెక్కగట్టే సరదా

కోల్‌బెల్ట్‌లో పొద్దున హోటల్ బెంచీ మీద చాయ్ తాగుతూ పేపర్ తిరగేసే పెద్దమనుషుల దగ్గర ఈ ముచ్చట వినని వాళ్ళుండరు. "ఆయన ఇంకా ఉన్నడా కాకా?" "ఉన్నడు, మొన్ననే టీవీల కనబడ్డడు." "అవునా! నేను ఎప్పుడో పోయిండనుకున్న." గోదావరిఖనిలో ఇది చాయ్ చల్లారేలోపు అయిపోయే మాట. ఇంగ్లండ్‌లో, అమెరికాలో కొందరు దీనికి జాబితాలూ నియమాలూ పెట్టి ఏడాది పొడవునా ఆడతారు. జనవరి ఒకటికల్లా ప్రముఖుల పేర్లు రాసి పెట్టాలి. డిసెంబర్ 31 లోపు పోయినవాళ్ళే లెక్కకొస్తారు. కొన్ని ఆటల్లో వందలోంచి వయసు తీసేస్తే ఎంత మిగిలితే అన్ని పాయింట్లు. తొంభై ఏళ్ళ మనిషి పోతే పది, నలభై ఏళ్ళవాడు పోతే అరవై. ఇక్కడా కుర్రాళ్ళకే గిరాకీ!

ఈ ఆట పేరు మన పిల్లలందరికీ తెలుసు, ఆట సంగతే తెలియదు. దాని పేరు 'డెడ్ పూల్'. ఎర్ర ముసుగు వేసుకుని వెకిలి జోకులేసే ఆ సినిమా హీరోకు ఆ పేరు ఇక్కడినుంచే వచ్చింది. 2016లో వచ్చిన సినిమాలో బార్‌లో బోర్డు మీద ఎవరు ముందు పోతారో పందేలు కాస్తుంటారు, గుర్తుందా? అంతకు చాలా ముందు, 1988లో క్లింట్ ఈస్ట్‌వుడ్ ఇదే పేరున్న సినిమాలో హీరోగా వేశాడు. జాబితాలోని పేర్లు ఒక్కొక్కటే నిజంగా రాలిపోతుండటం ఆ సినిమా కథ.

ఈ సరదా కొత్తదేమీ కాదు. చార్మినార్ కట్టిన 1591లోనే రోమ్‌లో పోప్ పద్నాలుగో గ్రెగరీ ఒక కఠినమైన ఆజ్ఞ వేశాడు. పోప్ ఎన్నాళ్ళు బతుకుతాడు, తర్వాత ఎవరొస్తారు, కొత్త కార్డినల్స్ ఎవరు అని పందెం కాస్తే మతం నుంచి వెలి! ఆయన కోపానికి కారణం ఉంది. 1590 ఆగస్టులో ఒక పోప్ పోయాడు. తర్వాత వచ్చిన ఏడో అర్బన్ పదమూడు రోజులకే పోయాడు. పందెగాళ్ళకు అంత మంచి సీజన్ మళ్ళీ రాలేదేమో. ఆజ్ఞ వేసిన గ్రెగరీ కూడా అదే ఏడాది అక్టోబర్‌లో పోయాడు. ఆయన తర్వాతి పోప్ డిసెంబర్ దాటలేదు. పదహారు నెలల్లో నలుగురు పోప్‌లు! పందేల మీద ఆజ్ఞ మాత్రం మిగిలింది.

తనకు ఏమీ కాని మనిషి పేరు మీద ఇన్సూరెన్స్ ఎందుకు తీసుకోనివ్వరు? ఈ నియమం వెనక ఇదే సరదా ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో ప్రముఖుల ప్రాణాల మీద పాలసీలు కొనడం పెద్దమనుషుల వినోదం. 1743లో రెండో జార్జి రాజు స్వయంగా యుద్ధానికి వెళ్తే తిరిగొస్తాడా రాడా అని కూడా పందేలు నడిచాయి. జబ్బున పడ్డ మనిషి తన మీద పందెం ఎంతకు లేచిందో తెలుసుకుని ఏమనుకుని ఉంటాడో! చివరికి 1774లో పార్లమెంటు చట్టం చేసింది: ఆ మనిషి బతికుంటే నీకు లాభమో, పోతే నీకు నష్టమో ఉంటేనే పాలసీ చెల్లుతుంది. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ పందెం ఒప్పందాలు చెల్లవంటుంది. చావు మీద పందెం గెలిచినా డబ్బు కోసం కోర్టుకెక్కలేరన్నమాట.

పాలసీ కొన్నవాడే ప్రాణం తీస్తాడేమోనన్న భయం ఉత్తదేం కాదు. 2021లో నల్గొండ పోలీసులు దామరచర్ల ప్రాంతంలో ఒక ముఠాను పట్టుకున్నారు. తాగుడుకు బానిసలైనవాళ్ళ పేరు మీద, జబ్బుపడ్డవాళ్ళ పేరు మీద పాలసీలు కట్టి, తర్వాత వాళ్ళను చంపి రోడ్డు ప్రమాదంగా చూపించారన్నది కేసు. జాబితాలో పేరు రాసి ఎదురుచూసేవాడికీ, ఎదురుచూడలేనివాడికీ మధ్య అడ్డం ఉన్నది అలాంటి చట్టం ఒక్కటే.

చట్టబద్ధంగా చావు మీద పందెం కాసి ఘోరంగా ఓడిన మనిషి ఫ్రాన్స్‌లో ఉన్నాడు. లాయర్ రఫ్రే. 1965లో తన నలభై ఏడో ఏట, తొంభై ఏళ్ళ జాన్ కాల్‌మాంతో ఒప్పందం చేసుకున్నాడు: ఆమె బతికున్నన్నాళ్ళూ నెలకు 2,500 ఫ్రాంకులు ఇస్తాడు, పోయాక ఆమె ఇల్లు అతనిది. తొంభై ఏళ్ళ ముసలమ్మ, ఇంకెన్నాళ్ళు? ముప్పై ఏళ్ళు కట్టి 1995లో రఫ్రేనే పోయాడు. ఆ తర్వాత వాయిదాలు ఆయన భార్య కట్టింది. కాల్‌మాం 1997లో, 122 ఏళ్ళకు కన్నుమూసింది. రికార్డుల్లో అంతకాలం బతికిన మనిషి ఇంకొకరు లేరు.

ఇక మన పంచాంగం సంగతి. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో "ఈ ఏడాది ఒక ప్రముఖ నాయకునికి, ఒక సినీ ప్రముఖునికి గండం" అన్న మాట రాకుండా ఉందా ఎప్పుడైనా? ఆ జోస్యం తప్పదు. ఎందుకు తప్పదో లెక్క చూడండి. ఎనభై అయిదేళ్ళ మగవాళ్ళలో ఏడాదికి సుమారు పదిమందిలో ఒకరు పోతారు. ఆ వయసువాళ్ళవి ఇరవై పేర్లు రాసుకుంటే, ఏడాదిలో కనీసం ఒక్కరైనా పోయే అవకాశం నూటికి ఎనభై ఎనిమిది. పేరు చెప్పకుండా 'ఒక ప్రముఖుడు' అంటే నూటికి నూరే. ఆ ఇరవైలో ఎవరు అని అడగండి, సిద్ధాంతిగారు ఉగాది పచ్చడి గ్లాసు అందుకుంటారు. గుంపు గురించి లెక్క చెప్పగలదు, మనిషి గురించి చెప్పలేదు. ఈ సరదా మొత్తం ఆ సందులోనే నడుస్తుంది.

గుంపు లెక్కను మొదట గట్టిగా వేసినవాడు తోకచుక్క హేలీ. నేడు పోలండ్‌లో ఉన్న బ్రెస్లావు పట్టణపు జనన మరణాల పద్దులు తెప్పించుకుని, ఏ వయసువాళ్ళు ఇంకెన్నేళ్ళు బతుకుతారో 1693లో పట్టిక వేశాడు. ఇన్సూరెన్స్ లెక్కలకు పునాది అదే. మన కడప జిల్లా కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి అయింది కూడా 1693లోనేనని చెప్తారు. రాబోయేది చెప్పిన ఇద్దరు, ఒకే ఏడాది. హేలీ చెప్పిన తోకచుక్క మాట తప్పకుండా 1758లో తిరిగొచ్చింది. చూడ్డానికి ఆయన లేడు, 1742లోనే పోయాడు. బ్రహ్మంగారి కాలజ్ఞానం దారి వేరు. పెద్ద నాయకుడో నటుడో పోయిన మర్నాడే "ఇది ఆనాడే చెప్పారు" అని ఎవరో ఒకరు బయల్దేరుతారు. ముందురోజు ఒక్కరూ బయల్దేరరు.

1825లో బెంజమిన్ గొంపెర్ట్జ్ అనే లెక్కలాయన ఇంకో మెలిక కనిపెట్టాడు: పెద్దవాళ్ళలో చావు ముప్పు వయసుతో హెచ్చవేతగా పెరుగుతుంది. దరిదాపు ఎనిమిదేళ్ళకోసారి రెట్టింపు!

లెక్క ఎంత గట్టిదైనా ఒక్క మనిషి దగ్గర ఎలా బోల్తా పడుతుందో చూడాలంటే మన పక్క ఊరి ఉదాహరణే చాలు. గోదావరిఖనికి దగ్గర్లోని మంథని నుంచి 1957 మొదలు ఇరవై ఏళ్ళు ఎమ్మెల్యేగా ఉన్నారు పి.వి. నరసింహారావు. 1991 వచ్చేసరికి ఆయనకు అరవై తొమ్మిది. గుండె ఆపరేషన్ అయింది. ఆ ఏడాది ఎన్నికల్లో నిలబడలేదు. ఢిల్లీలో పుస్తకాలు మూటగట్టి హైదరాబాద్ వచ్చే ఏర్పాట్లలో ఉన్నారు. ఆ జనవరిలో ఢిల్లీలో ఎవరైనా ఇలాంటి జాబితా రాసి ఉంటే పీవీ పేరు పైన ఉండేది, నలభై ఆరేళ్ళ రాజీవ్ గాంధీ పేరు ఎవరూ రాసేవాళ్ళు కాదు. మే 21న శ్రీపెరుంబుదూర్‌లో రాజీవ్ హత్యకు గురయ్యారు. జూన్ 21న పీవీ ప్రధానిగా ప్రమాణం చేశారు. అయిదేళ్ళు ఏలి, నవల రాసి, కోర్టు కేసుల్లోంచి బయటపడి, 2004 డిసెంబర్ 23న కన్నుమూశారు. మన దగ్గరి ఇంకో పెద్దాయనదీ డిసెంబరే: పెద్దపల్లి ఎంపీగా ఈ ప్రాంతమంతా 'కాకా' అని పిలుచుకున్న జి. వెంకటస్వామి 2014 డిసెంబర్ 22న పోయారు, ఎనభై అయిదేళ్ళకు.

డిసెంబర్ అనగానే గుర్తొచ్చింది: చలికాలం పెద్దలను పట్టుకుపోతుందని ఒక నమ్మకం. ఎన్టీఆర్ 1996 జనవరి 18, అక్కినేని 2014 జనవరి 22, కైకాల 2022 డిసెంబర్ 23, మన్మోహన్ సింగ్ 2024 డిసెంబర్ 26. చలి దేశాల్లో శీతాకాలంలో ముసలివాళ్ళ మరణాలు పెరగడం నిజమే, పద్దులున్నాయి. మన దగ్గర మాత్రం తొందరపడొద్దు. సుందరయ్య 1985 మే 19, దాసరి 2017 మే 30, శరత్‌బాబు 2023 మే 22. ఏ నెలకైనా ఇలాంటి జాబితా అల్లొచ్చు. అసలు రామగుండంలో ఉన్నవాళ్ళకు మే నెల ఎండల గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఓపెన్‌కాస్ట్‌లో డ్యూటీ చేసినవాళ్ళకైతే మరీను.

నెలల మీదే కాదు, వారాల మీదా నమ్మకాలున్నాయి. శనివారం శవం తోడు కోరుతుందంటారు మనవాళ్ళు. అందుకే పాడెకు కోడిపిల్లను కడతారు. ఇంగ్లీషువాళ్ళు మాత్రం చావులు మూడు చొప్పున వస్తాయంటారు. కైకాల శుక్రవారం పోతే, నటుడు చలపతిరావు మర్నాడు శనివారం పోయారు. టీవీల్లో మూడో పేరు కోసం చర్చ కూడా నడిచే ఉంటుంది.

పోకముందే పోయారని ప్రకటించడంలో మనవాళ్ళకు పార్లమెంటు స్థాయి రికార్డు ఉంది. 1979 మార్చి 22న జయప్రకాశ్ నారాయణ్ కన్నుమూశారని ప్రధాని మొరార్జీ దేశాయ్ లోక్‌సభలో చెప్పేశారు. నివాళులర్పించి సభ వాయిదా వేశారు. జేపీ బొంబాయి జస్‌లోక్ ఆసుపత్రిలో బతికే ఉన్నారు! ఆయన పోయింది అక్టోబర్ 8న. 2015 జూలైలో జార్ఖండ్ విద్యామంత్రి ఒక బడిలో అబ్దుల్ కలాం ఫోటోకు దండ వేసి బొట్టు పెట్టారు. అందరూ నవ్వారు. అదే నెల 27న కలాం నిజంగానే పోయారు. 2023 మే 3న శరత్‌బాబు పోయారని వార్త పాకింది, ఇంటివాళ్ళు కాదన్నారు, పంతొమ్మిది రోజులకు అది నిజమైంది. కోట శ్రీనివాసరావుకైతే 2023 మార్చిలో బతికే ఉన్నానని వీడియోలో చెప్పుకోవాల్సిన గతి పట్టింది. బందోబస్తు కోసం పోలీసులు కూడా ఇంటికొచ్చేశారని ఆయనే చెప్పారు. ఆ తర్వాత రెండేళ్ళకు పైగా బతికి, 2025 జూలై 13న వెళ్ళిపోయారు. 'బ్రేకింగ్' అని ముందు కొట్టినవాడికి దొరికేది కొన్ని నిమిషాల గొప్ప. ఆ ఇంట్లో ఆ పూట ఫోన్లు ఎత్తుకునేవాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు.

బతికున్నానని నిరూపించుకోలేక నలిగిన మొదటి మనిషి బహుశా లండన్ జ్యోతిష్కుడు పార్‌ట్రిజ్. రచయిత జోనథన్ స్విఫ్ట్ మారుపేరుతో ఒక పంచాంగం లాంటిది వేసి, పార్‌ట్రిజ్ 1708 మార్చి 29 రాత్రి జ్వరంతో పోతాడని జోస్యం చెప్పాడు. ఆ రోజు దాటగానే పోయాడని కూడా అచ్చేశాడు. నేను బతికే ఉన్నాను మొర్రో అని పార్‌ట్రిజ్ మొత్తుకుంటే, ఇంత చెత్త పంచాంగం బతికున్నవాడెవడూ రాయడని స్విఫ్ట్ వర్గం జవాబు.

పేపర్‌వాళ్ళు నివాళి వ్యాసాలు ముందే రాసి పెట్టుకుంటారు. వాళ్ళకది సరదా కాదు, ఉద్యోగం. 2011లో ఎలిజబెత్ టేలర్ పోతే న్యూయార్క్ టైమ్స్ వేసిన వ్యాసం రాసిన మెల్ గుస్సో అప్పటికి ఆరేళ్ళ ముందే, 2005లో పోయాడు.

మన పిల్లలకూ ఇందులో ఒక వాటా ఉంది. పెద్దాయన ఆసుపత్రిలో ఉన్నారని టీవీలో రాగానే రేపు బడికి సెలవా అని అడుగుతారు. మన్మోహన్ పోయిన మర్నాడు తెలంగాణలో బళ్ళకు నిజంగానే సెలవిచ్చారు.

ఇంత ముచ్చటా వయసు మళ్ళినవాళ్ళ గురించే ఎందుకంటే, అక్కడైతే నవ్వొచ్చు. బొగ్గుబాయిలో దిగేవాళ్ళ మీద ఈ ఆట ఎవరూ ఆడరు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్ళు విరుచుకుపడి పదిహేడుమంది పోయారు. అక్టోబర్ 16న 8ఏ ఇంక్లైన్‌లో పైకప్పు కూలి పదిమంది. పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు వినే సర్దార్ కూడా ముందే లెక్క చూసేవాడే, కాకపోతే తప్పించడానికి చూస్తాడు.

బాయి పని నుంచి రిటైరై ఇంటికొచ్చిన మనిషికి లెక్క తిరగబడుతుంది. 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకం కింద ఏటా నవంబర్‌లో బతికే ఉన్నానని రుజువు పెట్టాలి, లేకపోతే పింఛను ఆగుతుంది. 2014 నవంబర్‌లో వేలిముద్రతో ఇచ్చే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చింది. మోటుపని చేసి వేళ్ళు అరిగిన చేతులకు మెషీన్ లొంగదు. అందుకని 2021 నుంచి ముఖం చూపిస్తే చాలన్నారు. మనవడి ఫోన్‌లో ఇంటి నుంచే అయిపోతుంది. ఫోటో చూపించి మోసం చేస్తారేమోనని ఒక్క నియమం పెట్టారు: కెమెరా ముందు కళ్ళార్పాలి.