సైకిలు తెలుపు నేలవాలు: ఖమ్మం నుండి పర్ణశాల వరకు

మోటారులో పోవువానికి ఖమ్మం నుండి భద్రాచలము వరకు గల నేల ఇంచుమించు చదునుగనే తోచును. లెక్కకు కూడ అట్లే ఉన్నది. ఖమ్మం సముద్రమట్టమునకు సుమారు 107 మీటర్ల ఎత్తున, భద్రాచలము సుమారు 50 మీటర్ల ఎత్తున ఉన్నవి. నడుమ దారి దాదాపు 120 కిలోమీటర్లు. అనగా సగటున రెండు వేల మీటర్లు ముందుకు పోయినచో ఒక్క మీటరు దిగుట. ఇట్టి వాలును కన్ను పసికట్టలేదు. కాని అదే దారిని సైకిలుపై పోయివచ్చిన విద్యార్థి నడిగినచో, దారి పొడవునా ఎగుడు దిగుడులే అని చెప్పును. లెక్కయు తప్పు కాదు, విద్యార్థి మాటయు తప్పు కాదు. సగటు అనునది మిట్టను పల్లముతో కొట్టివేయును, మోకాలు కొట్టివేయదు.

దీనికి కారణము తెలిసికొనుటకు చిన్న లెక్క చాలును. సైకిలు బరువు 20 కిలోగ్రాములు, తొక్కువాని బరువు 60 కిలోగ్రాములు అనుకొన్నచో మొత్తము 80. మంచి తారురోడ్డుపై చక్రములు దొర్లుటలో కలుగు ఘర్షణ ఈ బరువులో వెయ్యింట ఎనిమిది పాళ్లు, అనగా 640 గ్రాముల బరువును లాగుటతో సమానము. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు గాలి కలిగించు నిరోధము కూడ రమారమి అంతే ఉండును. రెండును కలిసి కిలోగ్రామున్నర లోపే. అందువలననే సైకిలు ఇంత చౌకయైన వాహనమైనది. నడచువాడు కిలోమీటరుకు ఖర్చుచేయు శక్తిలో సుమారు అయిదవ వంతుతోనే సైకిలుదారు అంత దూరము పోగలడు.

ఇపుడు రోడ్డు నూరు మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కినదనుకొన్నచో, 80 కిలోగ్రాములలో నూరవ వంతు, అనగా 800 గ్రాములు, అదనముగా లాగవలసివచ్చును. చక్రముల ఘర్షణ కంటె ఇదే ఎక్కువ. అంతే శ్రమతో తొక్కినచో వేగము 15 నుండి పదిన్నర కిలోమీటర్లకు పడిపోవును. ఇరువది మీటర్ల మిట్ట నెక్కుటకు చేయు పని, చదును నేలపై కిలోమీటరుంబావు తొక్కుటతో సమానము. వేగము హెచ్చినచో గాలి నిరోధము దాని వర్గము ననుసరించి పెరుగును గనుక పందెపు సైకిలుదారునకు గాలియే ప్రధాన శత్రువు. ఊరి రోడ్డుపై నెమ్మదిగా పోవువానికి మాత్రము వాలే సర్వము. గేర్లు లేని మామూలు సైకిలు వాలును కొలుచు పనిముట్టు వంటిది. ఆ పనిముట్టుతో చూచినచో ఈ ప్రాంతపు పురాతన స్థలములు ఎక్కడివక్కడ ఎందుకున్నవో కొంత అర్థమగును.

ఖమ్మం కోట నల్లరాతి గుట్టపై ఉన్నది. దాని క్రింద మున్నేరు పారును. ఇది కృష్ణకు ఉపనది. పట్టణము నుండి నైరుతిగా ఇరువది కిలోమీటర్లకు పైగా పోయిన నేలకొండపల్లి వచ్చును. రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న పుట్టిన ఊరిదే. ఊరి ప్రక్కన క్రీస్తుశకపు తొలి శతాబ్దములకు చెందిన బౌద్ధ మహాస్తూపము, ప్రాచీనమైన మట్టికోట ఆనవాళ్లు కలవు. అటనుండి పాలేరు జలాశయము మీదుగా కూసుమంచి చేరినచో కాకతీయుల నాటి గణపేశ్వరాలయము, ముక్కంటేశ్వరాలయము కనిపించును. సూర్యాపేట పోవు పెద్దరోడ్డును విడిచి గ్రామముల రోడ్లను పట్టినచో ఈ చుట్టుదారిలో కాళ్లకు పెద్ద శ్రమ ఉండదు. ఇది యాదృచ్ఛికము కాదు. నేల మరీ నిటారుగా వాలినచో ఎంత పెద్ద కట్ట వేసినను చెరువులో నీరు కొంచెమే నిలుచును. వాలు బొత్తిగా లేకున్నచో నిలిచిన నీరు పొలమునకు పారదు. చెరువులకు అనువైన వాలే సైకిలుకును అనువైన వాలు. చెరువులున్నచోట పంటయు, పంట ఉన్నచోట గుడులును వెలసినవి.

ఖమ్మం దాటి తూర్పుగా పోయిన కొలది సంగతి మారును. ఖమ్మం నీరు కృష్ణకు పోవును. కొత్తగూడెము నీరు ముర్రేడు, కిన్నెరసానుల ద్వారా గోదావరికి పోవును. కనుక ఈ రెండు ఊళ్ల నడుమ రెండు మహానదుల పరీవాహములను వేరుచేయు మిట్ట ఒకటి ఉండి తీరవలెను. అది కొండ కాదు, దానిపై పలక యేదియు ఉండదు. వానచినుకు ఇవతల పడినచో కృష్ణలోనికి, అవతల పడినచో గోదావరిలోనికి చేరును. భూగోళము చెప్పు ఉపాధ్యాయుడు పటముపై ఈ జలవిభాజకమును చూపుట కష్టము. సైకిలుపై పోయినవానికి ఎక్కుడు ముగిసి దిగుడు మొదలగుటలో అది తెలియును.

కొత్తగూడెము నుండి భద్రాచలము వరకు సుమారు 40 కిలోమీటర్ల రోడ్డు లారీలతో నిండియుండును. నెమ్మది కోరు సైకిలుదారున కిది తగదు. (రైలులో సైకిలు వేసికొని వచ్చువారు మరొకటి గమనింపవలెను: భద్రాచలం రోడ్ అను స్టేషను ఉన్నది కొత్తగూడెములోనే.) గోదావరిపై వంతెన 1965లో ప్రారంభమైనది. అంతకుముందు భద్రాచలము చేరుటకు పడవయే దిక్కు. ఈ ఊరు 1860లో నిజాము నుండి ఇంగ్లీషువారికి సంక్రమించి, మధ్య పరగణాలలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకును, 1959లో ఖమ్మం జిల్లాకును మారినది. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో ఉన్నది. పట్టణపు అంచుననే ఉన్న ఏటపాక, గుండాల మొదలగు ఊళ్లు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. గుండాల వద్ద ఏటి ఒడ్డున ఇసుక త్రవ్వినచో వేడినీరు ఊరును. భూమిలోనికి పోయిన కొలది కిలోమీటరుకు 25, 30 డిగ్రీల చొప్పున వేడి హెచ్చును గనుక, పగుళ్ల వెంట లోతునకు దిగిన నీరు వేడెక్కి మరల పైకి వచ్చుటయే దీనికి కారణము.

భద్రాచలము నుండి చర్ల వైపు పోవు రోడ్డు ఈ వ్యాసమునకు ముఖ్యమైనది. ముక్కోటి, శ్రీరామనవమి రోజులు తప్ప ఉదయము వేళ పెద్ద రద్దీ ఉండదు. కోయ గూడెములు, ఇప్ప, తునికి చెట్లు, ప్రత్తి, మిరప చేలు దారి ప్రక్కన వచ్చుచుండును. రోడ్డు నదిని విడువక పోవుటచే వాలు స్వల్పము. సుమారు 25 కిలోమీటర్ల దూరమున దుమ్ముగూడెము, 35 కిలోమీటర్ల దూరమున పర్ణశాల.

దుమ్ముగూడెము వద్ద కొంతసేపు ఆగవలెను. 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన కాటన్, గోదావరిని నాగపురము వరకు పడవలదారిగా చేయవలెనని తలంచెను. వార్ధా సీమ ప్రత్తి ఈ దారిన కోస్తా రేవులకు రావలెనని ఆశయము. హేగ్ అను ఇంజనీరు నదిని పరిశీలించి పనులు నడిపెను. సైకిలు లెక్కయే ఇక్కడను పనికివచ్చును. నీటిపై మెల్లగా పోవు పడవకు నిరోధము మిక్కిలి తక్కువ. ఎడ్లబండ్లు లాగలేని బరువును ఒక్క పడవ మోయును. కాని వాలును పడవ సైకిలు కంటెను సహించలేదు. గోదావరి చాల దూరము మెల్లగా పారి, మూడు చోట్ల రాతిబండల మీదుగా ఒక్కసారి దిగును. సగటు వాలు స్వల్పమే, అడ్డు మాత్రము బండల వద్దనే. ఖమ్మం రోడ్డు విషయమున మోకాలు చెప్పిన సంగతియే ఇది.

మొదటి అడ్డు దుమ్ముగూడెమే. అక్కడ ఆనకట్ట కట్టి, ప్రక్కగా కాలువ త్రవ్వి, లాకులు నిర్మించిరి. లాకు అనగా రెండు ప్రక్కల తలుపులు గల నీటిగది. క్రింది తలుపు తెరచి పడవను లోనికి తెచ్చి మూసివేసి, పైనుండి నీరు వదలినచో పడవ నీటితోపాటు పైమట్టమునకు లేచును. అపుడు పై తలుపు తెరచెదరు. వాలునంతయు మెట్లుగా కూర్చి, మెట్ల నడుమ నీటిని నిశ్చలముగ ఉంచుట దీని కిటుకు. అయితే రైలు 1867లోనే నాగపురము చేరినది. ప్రత్తి బొంబాయి దారి పట్టినది. వేసవిలో నదిలో లోతు చాలదు, వరదలో వడి ఎక్కువ. ఖర్చు మాత్రము పెరుగుచు పోయినది. 1871లో పనులు ఆపివేసిరి. ఆనకట్ట మిగిలినది. కాటన్ ఊహ తప్పని చెప్పుట న్యాయము కాదు. రైలు రాని చోట నీటిదారిని మించినది నాడు లేదు. కాని ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే నడచు దారిని నమ్మి వర్తకుడు సరకు పంపడు.

పర్ణశాల వద్ద రోడ్డు నది ఒడ్డున ముగియును. రాముని వనవాసమునకు సంబంధించిన స్థలముగా యాత్రికులు దీనిని దర్శింతురు. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులు చేరగానే మొదటి హెచ్చరిక, 53 వద్ద మూడవ హెచ్చరిక జారీచేయుదురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చేరినది. వాలు తక్కువయైన రోడ్డు నదికి చేరువగా ఉండుటచే అట్టి రోజులలో మునుగును. కావున ఈ ప్రయాణమునకు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు తగిన కాలము. తిరుగు దారి 35 కిలోమీటర్లు ఉన్నందున మధ్యాహ్నము రెండు గంటలకు పూర్వమే పర్ణశాల విడువవలెను.