రంగును పట్టి ఉంచే బొగ్గు

అద్దకంలో వాడిన రంగంతా గుడ్డకు అంటదు. నూలుకు వేసే రియాక్టివ్ రంగుల్లో కొంత భాగం దారంతో కలవకుండా నీటితోనే చర్య జరిపి మిగిలిపోతుంది. అద్దిన గుడ్డను జాడించిన ప్రతిసారీ ఆ మిగులు నీటిలోకి దిగుతుంది. చాలా రంగులు లీటరు నీటిలో ఒక్క మిల్లీగ్రాము ఉన్నా కంటికి కనిపిస్తాయి. రంగు కమ్మిన నీటిలోకి వెలుతురు సరిగా దిగదు కాబట్టి అడుగున పెరిగే నాచుకూ మొక్కలకూ కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. అజో అనే తరగతి రంగులను ఆక్సిజన్ అందని బురదలో బాక్టీరియా విరగ్గొట్టినప్పుడు ఆరోమాటిక్ ఎమీన్లు పుడతాయి. వాటిలో బెంజిడీన్ వంటివి క్యాన్సర్ కారకాలు. తమిళనాడులోని తిరుప్పూరులో అద్దకం నీటితో నొయ్యల్ నది ఎంతగా పాడైందంటే, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూసివేయాలని ఆదేశించింది.

ఉతికినా, ఎండలో ఆరేసినా వెలిసిపోని రంగు మంచి రంగు. ఆ గట్టిదనమే నీటి శుద్ధిలో అడ్డం వస్తుంది. మామూలు మురుగును తినేసే బాక్టీరియా ఈ అణువులను అంత సులువుగా అరిగించుకోలేదు. అందుకే రంగును విరగ్గొట్టే పద్ధతులతో పాటు, దానిని నీటి నుంచి లాగి పట్టి ఉంచే పద్ధతి కూడా అవసరమైంది. అదే అధిశోషణం. స్పంజి నీటిని పీల్చుకున్నట్టు లోపలికి ఇంకడం శోషణం. అణువులు ఒక పదార్థం ఉపరితలానికి అంటుకుని నిలవడం అధిశోషణం. బొగ్గుకు ఈ గుణం ఉందని 1785లో రష్యాలో పనిచేస్తున్న తోబియాస్ లోవిట్జ్ గమనించాడు. గోధుమరంగు తిరిగిన టార్టారిక్ ఆమ్ల ద్రావణంలో బొగ్గుపొడి వేస్తే రంగు పోయి ద్రావణం తేటపడింది. 19వ శతాబ్దంలో చక్కెర పరిశ్రమ ఎముకల బొగ్గుతో పాకాన్ని తెల్లబరచింది.

అధిశోషణం కోసం ప్రత్యేకంగా సిద్ధం చేసిన బొగ్గును యాక్టివేటెడ్ కార్బన్ అంటారు. దాని తయారీకి కొబ్బరి చిప్పలు మేలైన ముడిసరుకు. కోనసీమ వంటి కొబ్బరి సీమల్లో వాటికి కొదవ లేదు. చిప్పలను గాలి తగలకుండా కాల్చితే బొగ్గు వస్తుంది. దానిని 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి ఆవిరికి గురిచేస్తే, ఆవిరి కొంత కర్బనాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా మార్చి తీసుకుపోతుంది. పోయిన చోటల్లా రంధ్రాలు మిగులుతాయి. ఇలా తయారైన బొగ్గులో గ్రాముకు 500 నుంచి 1500 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. 1000 చదరపు మీటర్లంటే దాదాపు పాతిక సెంట్ల నేల. అంత నేల చిటికెడు బొగ్గులో మడతపడి ఉంటుంది.

అయితే ఆ నేలంతా ప్రతి రంగుకూ అందదు. రెండు నానోమీటర్ల కన్న చిన్నవి సూక్ష్మరంధ్రాలు, రెండు నుంచి యాభై వరకు ఉన్నవి మధ్యస్థ రంధ్రాలు. మిథిలీన్ బ్లూ అనే రంగు అణుభారం సుమారు 320; అది సూక్ష్మరంధ్రాల్లో చాలావాటిలోకి దూరగలదు. నూలుకు వేసే రియాక్టివ్ బ్లాక్ 5 అణుభారం సుమారు 992. దానికి మధ్యస్థ రంధ్రాలు కావాలి. రెండో అడ్డంకి విద్యుదావేశం. మిథిలీన్ బ్లూ నీటిలో ధనావేశంతో ఉంటుంది. సల్ఫోనేట్ సమూహాలున్న రియాక్టివ్ బ్లాక్ 5 ఋణావేశంతో ఉంటుంది. బొగ్గు ఉపరితలం కూడా నీటి పీహెచ్‌ను బట్టి ఆవేశం మార్చుకుంటుంది. ఏ పీహెచ్ దగ్గర ఆవేశం సున్నా అవుతుందో, దానికి దిగువన ధనావేశం, ఎగువన ఋణావేశం వస్తాయి.

బొగ్గుకు మార్పులు చేయడమంటే ఆ ఉపరితలాన్ని వచ్చే రంగుకు తగినట్టు సిద్ధం చేయడమే. నైట్రిక్ ఆమ్లంలో మరిగిస్తే ఉపరితలంపై కార్బాక్సిల్ సమూహాలు ఏర్పడి ఋణావేశం పెరుగుతుంది. మిథిలీన్ బ్లూ వంటివి గట్టిగా పట్టుబడతాయి. ఆమ్లం ఘాటు ఎక్కువైతే రంధ్రాల గోడలు కూలి వైశాల్యం తగ్గుతుంది. అమ్మోనియా వాయువులో వేడిచేస్తే నైట్రోజన్ సమూహాలు చేరి, ఉపరితలం క్షారగుణం పొంది, ఋణావేశ రంగులను ఆకర్షిస్తుంది. బొగ్గు రంధ్రాల్లో మాగ్నటైట్ అనే ఐరన్ ఆక్సైడ్ రేణువులను పెంచడం మరో మార్గం. మెత్తని పొడి రంగును త్వరగా పడుతుంది గాని నీటి నుంచి దానిని వేరుచేయడం కష్టం. మాగ్నటైట్ ఉంటే అయస్కాంతంతో లాగేయవచ్చు.

మార్పు ఫలించిందో లేదో ప్రయోగశాలలో తేలుతుంది. లీటరుకు 100 మిల్లీగ్రాముల మిథిలీన్ బ్లూ ఉన్న ద్రావణం 100 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో రంగు 10 మిల్లీగ్రాములు. దానిలో 0.1 గ్రాము బొగ్గు వేసి, రంగు ఇక తగ్గని సమతాస్థితి వచ్చేదాకా కుదిపి, వడగట్టి, 664 నానోమీటర్ల కాంతి దగ్గర స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలుస్తారు. లీటరుకు 10 మిల్లీగ్రాములే మిగిలిందనుకుంటే, బొగ్గు పట్టినది 9 మిల్లీగ్రాములు. అంటే గ్రాముకు 90. గాఢత మారుస్తూ ఇలా కొలిచి గీసిన రేఖను, ఉపరితలం ఒక్క పొరలో నిండుతుందని చెప్పే లాంగ్‌మ్యూర్ సమీకరణంతో పోల్చి గరిష్ఠ సామర్థ్యాన్ని లెక్కిస్తారు. ఉపరితల రసాయనశాస్త్రంలో చేసిన కృషికి ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్‌కు 1932లో నోబెల్ బహుమతి లభించింది.

సీసాలో వచ్చిన అంకె అద్దకం తొట్టి నీటికి యథాతథంగా వర్తించదు. రియాక్టివ్ అద్దకంలో ఉప్పు, సోడా విరివిగా కలుపుతారు. సోడా వల్ల పీహెచ్ పెరిగి బొగ్గు ఋణావేశం పొందుతుంది. అదే ఆవేశమున్న రంగును తోసేస్తుంది. కాబట్టి ముందు పీహెచ్ సరిచేయాలి. పటిక వంటి వాటితో మడ్డిని పేరబెట్టి, బాక్టీరియాతో సేంద్రియ మలినాన్ని తగ్గించి, చివర మిగిలిన రంగును బొగ్గుకు అప్పగిస్తేనే ఖర్చు కలిసివస్తుంది.

బొగ్గు రంగును నాశనం చేయదు, తనలో దాచుకుంటుంది. నిండిన బొగ్గును బయట పారబోస్తే ఆ రంగు వానకు మళ్లీ నీటిలోకి చేరవచ్చు. 800 డిగ్రీలకు పైబడిన వేడిలో ఆవిరితో కాల్చితే రంగు విచ్ఛిన్నమై రంధ్రాలు తిరిగి తెరుచుకుంటాయి. ప్రతిసారీ కొంత బొగ్గు తరిగిపోతుంది కనుక కొత్తది కలపాలి. ఎన్ని విడతలు వాడినా పట్టు తగ్గని బొగ్గే అద్దకం నీటికి అసలైన మందు. గ్రాముకు ఎంత పట్టిందన్న లెక్కతో పాటు ఎన్నిసార్లు పనికొచ్చిందన్న లెక్కా చూడాలి.