గౌతమీతీరము నుండి పెన్న గండికి

మా యూరి నేలలో రాయి లేదు. గోదావరి గౌతమీ వసిష్ఠలుగా చీలు చోటికి చేరువనున్న ఆత్రేయపురమున బావి త్రవ్వినను, పునాది తీసినను గడ్డపారకు తగులునది ఒండ్రు, దాని క్రింద ఇసుక; వంటయింటి గట్టుపై పరచిన నల్లని కడప బండ యొక్కటే చిన్ననాట మేమెరిగిన శిల. అట్టి మెత్తని నేలపై పుట్టి, నదియనగా లాకులు దాటి, కాలువలై, బోదెలై వరిమడులలోనికి వచ్చు నీరని మాత్రమే నమ్మియున్న నాకు, ఒక నది కొండను నిలువున కోసి దాని యడుగున పారుచుండు దృశ్యమును చూడవలెనను కోరిక చిరకాలముగా నుండెను. గడచిన పుష్యమాసమున మా మేనమామతో కలిసి, రెండు పూతరేకుల పెట్టెలతో, ఒక డేరాతో, కారులో, పెన్న అట్లు కొండను కోసిన గండికోటకు బయలుదేరితిని.

రావులపాలెమున పెద్దరోడ్డెక్కి, బెజవాడ, గుంటూరు, వినుకొండ, గిద్దలూరుల మీదుగా పోయి, నల్లమలలోని నంది కనుమ దిగి, నంద్యాల మాగాణులను దాటిన పిమ్మట, చెట్లు పలుచనై, గాలి పొడియై, చేల గట్లకు మారుగా రాతిపలకలు నిలువ పాతిన కంచెలు కన్పట్టసాగినవి. ఇది ఇసుక యెడారి కాదు. వానచినుకునకు మొగము వాచిన రాతినేల. గండికోటకు ఒక్క పరుగున పోయి, ఒక్క ఛాయాచిత్రము తీసికొని మరలువారు పెక్కురు కలరు. వారికి గండి కన్పట్టునే గాని అది యెట్లేర్పడినదో తెలియదు. ఆ సంగతి చెప్పునవి ప్రక్కదారులే.

మన తోటలలోని బంగినపల్లి మామిడికి పేరిచ్చిన బనగానపల్లె ఈ త్రోవనే యున్నది. ఆ యూరి బోర్డు చూడగానే మామయ్య కారాపించి, కాయలేని కాలమైనను ఒక మామిడిచెట్టు నీడన కొంతసేపు నిలిచి గాని కదలలేదు. నాటి రేయి యాగంటిలో, కొండలోనుండి వచ్చి కోనేటిలో ఎడతెగక పడు నీటి చప్పుడు వినుచు నిదురించితిమి.

మరునాడు బెలుం గుహలు. కొలిమిగుండ్ల చెంత సమతలమైన చేల నడుమ నేలలో నోరు తెరచియున్న ఈ బిలములను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు లోకమునకు తెలిపెను. 1982, 1983 సంవత్సరములలో గెబవర్ అను జర్మను గుహాన్వేషకుని బృందము లోనికి సాగి పరిశోధించెను. 2002లో యాత్రికులకు తెరచిరి. మొత్తము పొడవు 3,229 మీటర్లు. లోపల ఉక్క మా కోనసీమ జ్యేష్ఠమాసమును తలపించినది. గోడపై అరచేయి నుంచితిని: నీరు నిమిరి నిమిరి వదలిన నునుపు, కుమ్మరి తడిచేత సవరించిన కుండ పొట్టవలె నున్నది. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, యుగముల పర్యంతము సున్నపురాతిని కరగించి ఈ దారులు చేసికొన్నదట. అడుగున పాతాళగంగ యనుచోట ఆ నీరు నేటికిని సన్నగా పారుచున్నది.

తాడిపత్రి కొరకు మరికొంత దూరము చుట్టు తిరిగితిమి. గండికోట నేలిన పెమ్మసాని నాయకుల కాలమున పెన్నయొడ్డున వెలసిన బుగ్గ రామలింగేశ్వరాలయపు గోపురముల చెక్కడమును వర్ణింప నాకు శక్తి చాలదు, చూడవలసినదే.

జమ్మలమడుగు మీదుగా గండికోట చేరునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే గోలకొండ సేనాని మీర్ జుమ్లాను కలిసికొన్నది ఈ కోటలోనే. మసీదును, ధాన్యాగారమును, మాధవరాయాలయమును తిన్నగా చూచుచు పోగా పోగా, ఉన్నట్లుండి నేల లేదు. ఎదుట ఎఱ్ఱని శిలాకుడ్యములు. వందలాది అడుగుల లోతున ఆకుపచ్చని పెన్న. మామయ్య చాలసేపు మాటాడలేదు. పిదప, "ఒరే అబ్బాయ్, పూతరేకుల దొంతర్లా లేదూ!" అనెను. నిజమే. పలుచని జావలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండపై పరచి తీయగా రేకు వెంట రేకు వచ్చి చేరినట్లు, నూరుకోట్ల యేండ్లకు పూర్వము ఒక ప్రాచీన సముద్రతీరమున ఇసుక పొరపై పొరగా చేరి, బిగిసి ఈ రాయి యైనది. ఇది సున్నపురాయివలె నీట కరగునది కాదు. నంది కొండల నుండి వచ్చు పెన్న, వరదలలో తెచ్చిన ఇసుకనే, గులకరాళ్లనే రంపపు పండ్లుగా చేసికొని, రాతి పగుళ్ల వెంట దీనిని కోసినది. బెలుములో కరగించినది నీరే, ఇచట కోసినది నీరే. పాపికొండలను ఒరసికొని వచ్చి, మా యూరి క్రింద ఒండ్రుగా పరచినదియు నీరే.

లోయయంచునకు దూరముగా డేరా వేయుటకు తోడ్పడిన కుఱ్ఱవాడు, "సామీ, రేత్రిపూట అంచుకాడికి పోవాకండి, గాలి తోస్తాది" అని పదిమార్లు హెచ్చరించినాడు. అతని మాట అక్షరాల పాటింపవలయును. అంచున కటకటాలు లేవు. కావలసిన నీరు వెంట తెచ్చుకొనుట, తెచ్చిన సీసాలను మరల వెంట కొనిపోవుట కూడ అంతే ముఖ్యము: బండసందులలో ఎవరో వదలిన ప్లాస్టిక్ సీసాలు వెన్నెలలో మెరయుచుండగా చూచి మనసు చివుక్కుమన్నది.

మృగశిర నడినెత్తికి వచ్చిన వేళ పెట్టె విప్పి ఆ కుఱ్ఱవానికి పూతరేకు నిచ్చితిమి. ఆ పొడిగాలికి రేకు పెళుసెక్కి, కొరకగానే పొరలు పొరలుగా విరిగి, నేతి వాసనతో కొన్ని తునకలు లోయలోనికి ఎగిరిపోయినవి. "కాయితమా ఇది!" అని అతడు నవ్వి, రెండవది చేయి చాచి తీసికొనెను.

కోట వెలుపలి బాటప్రక్కన ఏరిన ఎఱ్ఱరాతి ముక్క నొకదానిని మామయ్య జేబులో వేసికొని వచ్చినాడు. ఇప్పుడది మా అత్తయ్య వంటయింటి కడప బండపై నున్నది. రేకుల దొంతరపై కప్పిన తడిగుడ్డ తొలగకుండ ఆమె ఆ రాతిని గుడ్డ చెంగుమీద పెట్టుచున్నది.