వెలగని మానిటర్‌ను ఇంట్లో బాగుచేయడం

కంప్యూటరు మానిటర్ వెలగడం మానివేయగానే తెర పోయిందని భావించి, దానిని గుజరీ అంగడికి ఇచ్చివేసేవారు బెంగుళూరులో అనేకులు. నిజానికి తెర, అంటే ఎల్‌సీడీ ఫలకం, అంత త్వరగా చెడదు. తరచుగా చెడేది దానికి విద్యుత్తును అందించే చిన్న బోర్డు. పిల్లల చదువుకో, ఇంటి నుండి చేసే ఉద్యోగానికో పాత మానిటర్ కొనుక్కున్న కుటుంబానికి ఈ భేదం తెలిస్తే, కొత్తది కొనవలసిన ఖర్చు తప్పవచ్చు.

విప్పకుండానే చేయదగిన పరీక్షలు ఉన్నాయి. మొదట తీగను, ప్లగ్గు పెట్టే చోటును మార్చి చూడాలి. అడాప్టర్ విడిగా ఉండే రకమైతే, దానిపై ముద్రించిన వోల్టేజీ వస్తున్నదో లేదో మల్టీమీటరుతో కొలవాలి. రాకపోతే అదే వోల్టేజీ, అదే ధ్రువత, అంతకు తగ్గని ఆంపియర్లు గల మరొక అడాప్టర్‌తో పని ముగుస్తుంది. మానిటర్ మీది చిన్న దీపం వెలుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే, గదిని చీకటి చేసి టార్చిని తెరపై ఏటవాలుగా వేసి చూడాలి. బొమ్మ మసకగా కనిపిస్తే ఫలకం బాగున్నట్లే. చెడినవి దాని వెనుక దీపాలో, వాటిని వెలిగించే భాగమో. ఫలకమే పగిలి, సిరా ఒలికినట్లు మరకలు పడితే మరమ్మతు గిట్టుబాటు కాదు.

ఇక విప్పడం. ఇక్కడ తొందర పనికిరాదు. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల విద్యుత్తు బోర్డులోని పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టులుగా నిలువ ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు అక్కడే ఉండవచ్చు. కనుక ప్లగ్గు తీసి, కనీసం పావుగంట ఆగి, స్క్రూలు తీసి, అంచుల క్లిప్పులను పాత ఏటీఎం కార్డుతో మెల్లగా విడదీయాలి. బోర్డును చేతితో తాకకముందే ఆ కెపాసిటర్ కాళ్ల మధ్య వోల్టేజీని కొలవాలి. సున్నాకు దగ్గరగా లేకపోతే మరికొంత సేపు ఆగి తిరిగి కొలవాలి. స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లనూ కలిపి నిప్పురవ్వలు రప్పించే పద్ధతిని కొందరు నేర్పుతారు, అది తగదు. మూత తీసి ఉన్నప్పుడు ప్లగ్గు పెట్టి చూడడం అంతకంటె ప్రమాదం. పాత రకపు మానిటర్లలో ట్యూబులను వెలిగించే భాగం వేయి వోల్టులకు పైగా పుట్టిస్తుంది.

బోర్డుపై చిన్న డబ్బాల వలె నిలబడి ఉన్నవే కెపాసిటర్లు. వాటి తల చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు ద్రవం కారినా అదే దోషి. వేడి వాటిని క్రమంగా ఎండబెడుతుంది. పైగా 2000 తరువాతి తొలి సంవత్సరాలలో లోపభూయిష్టమైన కెపాసిటర్లు ప్రపంచమంతటా పరికరాలలోకి చేరాయి. తీసే ముందు ఫోనుతో ఫోటో తీసుకొని, ఋణ ధ్రువాన్ని సూచించే చార ఎటు ఉన్నదో గుర్తుంచుకోవాలి. తిరగవేసి అతికితే కొత్తది పేలవచ్చు. మైక్రోఫారడ్ల విలువ అదే ఉండాలి, వోల్టేజీ అంతే లేక కొంచెం ఎక్కువ ఉండవచ్చు, వేడిమి 105 డిగ్రీలదే అడగాలి. ఇవి సాదర్ పత్రప్ప రోడ్డులో దొరుకుతాయి (ఎస్పీ రోడ్డు అనగానే పోలీసు అధికారి గుర్తుకు రానక్కరలేదు). కన్నడం ఇంకా రానివారికి కూడా అక్కడ ఇబ్బంది లేదు. పాత కెపాసిటర్‌ను చేతిలో పెట్టి అంకెలు చూపితే చాలు. అతకడానికి 25 నుండి 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సరిపోతుంది. చేయి తిరిగేవరకు ఏదైనా పాడైన బోర్డుపై అభ్యసించడం మేలు.

కెపాసిటర్లన్నీ చక్కగా ఉండి, ఫ్యూజు మాత్రమే కాలిపోయి ఉంటే, దానిని మార్చి ఊరుకోకూడదు. అది కాలడానికి కారణం వేరొక చోట ఉంటుంది. అక్కడ ఆగి మెకానిక్ వద్దకు వెళ్లడమే సరి.

బాగుపడని మానిటర్‌ను పగలగొట్టవద్దు. పాత వాటి సన్నని ట్యూబులలో పాదరసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఇవి అధికారికంగా నమోదైన పునర్వినియోగ సంస్థలకు చేరాలి. ట్యూబు పగిలితే కిటికీలు తెరిచి, పిల్లలను గది నుండి పంపి, పావుగంట తరువాత ముక్కలను గట్టి కాగితంతో ఎత్తి, మూత ఉన్న సీసాలో వేసి, మానిటర్‌తో పాటే అప్పగించాలి. చీపురుతో ఊడ్చకూడదు.