పెద్ద గొడుగు లాక్: పట్టడం ఎలా, వదలడం ఎలా

బీరంగూడ నుంచి అమీన్‌పూర్ వైపు వెళ్లే రోడ్డు పక్కన పెద్ద గొడుగులు వరసగా కనిపిస్తాయి. ఒకదాని కింద కొబ్బరిబోండాలు, ఒకదాని కింద పండ్ల బండి, మరోదాని కింద పూల బుట్ట. ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో ఆ నీడే వాళ్ల దుకాణం. ఆ నీడను నిలబెట్టేది గొడుగు గుడ్డ అనుకుంటాం. నిజానికి అది బొటనవేలంత లాక్ మీద నిలబడి ఉంటుంది.

దగ్గరికెళ్లి చూస్తే చాలా గొడుగులకు అసలు పిన్ను ఉండదు. దాని స్థానంలో తుప్పు పట్టిన మేకు ఉంటుంది. ఆ మేకు దూరిన రంధ్రం గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటుంది. ఆ రంధ్రం ఎందుకు సాగిందో అర్థమైతే మంచి లాక్ ఎలా ఉండాలో కూడా అర్థమవుతుంది.

ముందు భాగాలు తెలుసుకుందాం

పెద్ద గొడుగు నడుమ ఒక పైపు ఉంటుంది. దాని కొసన టోపీ (పొడవు ఊచలన్నీ కీలుతో కలిసే ముక్క) ఉంటుంది. పైపు మీద రన్నర్ (పైకీ కిందికీ జారే ఉంగరం లాంటి ముక్క) తిరుగుతుంది. రన్నర్ నుంచి ప్రతి పొడవు ఊచ నడుముకూ ఒక దన్ను ఊచ (కింది నుంచి ఆసరా ఇచ్చే పొట్టి ఊచ) వెళ్తుంది. రన్నర్‌ను పైకి తోస్తే దన్ను ఊచలు పొడవు ఊచలను పైకి నెడతాయి, గుడ్డ విచ్చుకుంటుంది. రన్నర్‌ను అక్కడే ఆపి ఉంచేది మొదటి లాక్.

ఎత్తు మార్చుకునే గొడుగులో ఒక పైపులో మరో పైపు ఉంటుంది. లోపలి పైపును కావలసిన ఎత్తులో ఆపేది రెండో లాక్. కొన్నింటికి గుడ్డను ఎండవైపు వంచే మూడో లాక్ కూడా ఉంటుంది. వంచిన గొడుగు గాలిని ఎక్కువ పడుతుంది కాబట్టి రోడ్డు పక్క వాడకానికి ఆ మూడోది లేకపోవడమే మేలు.

చిన్న గొడుగు లాక్‌ను పెద్దది చేస్తే సరిపోదా?

చేతి గొడుగులో పైపు గాడిలోంచి ఒక వంచిన తీగ స్ప్రింగులా బయటికి పొడుచుకొస్తుంది. రన్నర్ దాన్ని దాటగానే అది కింద అడ్డుపడుతుంది. ఒక మీటరు వెడల్పు గొడుగుకు అది చాలు. కానీ వెడల్పు 2.4 మీటర్లు, అంటే మనవాళ్లు ఎనిమిది అడుగుల గొడుగు అనేది, అయితే గుడ్డ వైశాల్యం దాదాపు ఆరు రెట్లవుతుంది. లాక్ మీద గాలి భారం కూడా అంతే పెరుగుతుంది.

గాలి భారాన్ని లెక్కకట్టడానికి మన దేశంలో ఐఎస్ 875 అనే ప్రమాణంలోని మూడో భాగం ఉంది. దాని సూత్రం సులువు. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 10 మీటర్లు. ఒత్తిడి 60 న్యూటన్లు. మన గొడుగు వైశాల్యం సుమారు నాలుగున్నర చదరపు మీటర్లు. గాలి గుడ్డను నిండుగా పట్టిందనుకుంటే భారం సుమారు 27 కిలోలు. గాలి వేగం రెట్టింపై గంటకు 72 కిలోమీటర్లైతే భారం నాలుగింతలై 110 కిలోలకు చేరుతుంది.

రన్నర్ మీద పడేది ఇంకా ఎక్కువ. గాలి భారం సగటున ఊచ పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో పనిచేస్తుంది. దన్ను ఊచ మాత్రం సగం దూరంలోనే ఆనుకుంటుంది. కీలుకు దగ్గరగా ఆనుకున్న దన్ను దూరంలోని భారాన్ని మోయాలంటే ఎక్కువ బలం పెట్టాలి. అందుకే 27 కిలోల గాలి రన్నర్ దగ్గర సుమారు 36 కిలోలవుతుంది. 110 కిలోలది 147 కిలోలవుతుంది. దన్ను ఊచను ఇంకొంచెం బయటికి జరిపి బిగిస్తే, ఒక్క పైసా అదనపు లోహం లేకుండా లాక్ భారం తగ్గుతుంది.

రెండు రకాల పట్టు

లాక్‌లన్నిటినీ స్థూలంగా రెండు జాతులుగా చూడొచ్చు. ఒకటి అడ్డు పట్టు, రెండోది రాపిడి పట్టు. తలుపుకు గడియ పెడితే అది అడ్డు పట్టు. తలుపు కింద చెక్కముక్క తోస్తే అది రాపిడి పట్టు. మొదటిదాన్ని కదపాలంటే లోహం విరగాలి. రెండోదాన్ని కదపడానికి చెక్క జారితే చాలు.

చవక గొడుగుల్లో ఎత్తు లాక్ సాధారణంగా రాపిడి పట్టే. బయటి పైపుకు నట్టు అతికించి, చెవుల బోల్టుతో లోపలి పైపును నొక్కుతారు. దీనితో ఏ ఎత్తులోనైనా ఆపుకోవచ్చు. ఆ సౌకర్యం నిజమే. కానీ రాపిడి బలం నొక్కిన బలంలో కొంత వంతు మాత్రమే. నీళ్లో నూనో చేరితే ఆ వంతు ఇంకా పడిపోతుంది. పైగా బోల్టు కొస పైపు మీద గుంట చేస్తుంది. తర్వాత ఆ దగ్గర్లో ఎక్కడ బిగించినా పైపు పాత గుంటలోకే జారుతుంది. అన్నిటికంటే ముఖ్యం, గాలి కింది నుంచి ఎత్తినప్పుడు ఆ బోల్టు గొడుగు బరువును కాదు, పైకి లాగే గాలి బలాన్ని ఆపాలి. ఆపలేకపోతే లోపలి పైపు గుడ్డతో సహా ఊడి పైకి లేస్తుంది.

దీనికి మందు రెండు పట్లనూ కలపడమే. పైపుకు పది సెంటీమీటర్లకొక రంధ్రం చేసి, అటు నుంచి ఇటు దూరే పిన్ను పెట్టాలి. భారం మోసేది అదే. పైపును చుట్టూ పట్టే క్లాంపు (లివరుతో బిగిసే పట్టీ) ఆ పిన్నుకు తోడుగా ఉండాలి. క్లాంపు పని ఊగిసలాటను ఆపడం. పిన్ను ఉన్నాక క్లాంపు వదులైనా లోపలి పైపు ఊడి లేవదు.

రంధ్రం ఎందుకు సాగింది?

ఇప్పుడు ఆ మేకు దగ్గరికి వద్దాం. ఆరు మిల్లీమీటర్ల ఉక్కు పిన్ను 147 కిలోలకు విరగదు. అంతకు మూడు నాలుగు రెట్లు మోస్తుంది. బలహీనమైనది పిన్ను కాదు, పైపు గోడ. దాని మందం 1.2 మిల్లీమీటర్లనుకుందాం. పిన్ను ఆనే చోటు ఒక్కో వైపు ఏడు చదరపు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. రెండు వైపులా కలిపి చూస్తే చదరపు మిల్లీమీటరుకు సుమారు పది కిలోలు. ఒకవైపు మాత్రమే పొడుచుకొచ్చే బటన్ లాక్ అయితే ఇరవై కిలోలు. మామూలు ఉక్కు ఆకారం మారకుండా ఓర్చుకునేది సుమారు 25 కిలోలు. లెక్క ప్రకారం రెండూ నిలవాలి.

నిలవకపోవడానికి కారణం దెబ్బలు. గాలి ఒకే వైపు వీచదు. పై నుంచి నొక్కినప్పుడు దన్ను ఊచలు రన్నర్‌ను కిందికి తోస్తాయి. కింది నుంచి ఎత్తినప్పుడు అవే దన్ను ఊచలు రన్నర్‌ను పైకి లాగుతాయి. పిన్నుకూ రంధ్రానికీ మధ్య రెండు మిల్లీమీటర్ల వదులు ఉంటే రన్నర్ ఆ కాస్త దూరం పరిగెత్తి పిన్నును కొడుతుంది. ఒక్కసారిగా పడిన భారం నెమ్మదిగా పెట్టిన భారానికి రెండింతల ఒత్తిడి కలిగిస్తుంది. మధ్యలో వదులుంటే అంతకంటే ఎక్కువ. ప్రతి దెబ్బకూ రంధ్రం కొంచెం సాగుతుంది. సాగినకొద్దీ వదులు పెరుగుతుంది, దెబ్బా పెరుగుతుంది. పిన్ను పోయి దాని చోట సన్నటి మేకు చేరితే ఈ వరస ఇంకా తొందరగా నడుస్తుంది.

అందుకే రంధ్రం దగ్గర నాలుగు మిల్లీమీటర్ల మందపు బుష్ (పైపుకు లోపల తొడిగే ఉక్కు గొట్టం ముక్క) అతికించాలి. పిన్ను ఆనే చోటు మూడు రెట్లు దాటుతుంది. పిన్ను కొస కొంచెం సన్నంగా ఉండాలి, స్ప్రింగు దాన్ని లోపలికి నెడుతూ ఉండాలి. అప్పుడు అరిగినా వదులు పుట్టదు. రన్నర్ పైకి పోకుండా టోపీ కింద ఒక ఆపు కూడా ఉండాలి. చాలా గొడుగుల్లో లాక్ కిందికి జారకుండా మాత్రమే ఆపుతుంది. అందుకే గాలి ఎత్తినప్పుడు ఊచలు వెనక్కి తిరగబడతాయి.

వదలడం అసలు పరీక్ష

ఇక్కడిదాకా గట్టిగా పట్టడం గురించే మాట్లాడాం. కానీ గొడుగును నిలబెట్టే దిమ్మె సంగతి చూడండి. టైరులో కాంక్రీటు పోసి చేసిన దిమ్మె 40, 50 కిలోలుంటుంది. 72 కిలోమీటర్ల గాలి గుడ్డను నిండుగా పట్టి ఎత్తే బలం 110 కిలోలు. లాక్ ఎంత బాగున్నా గొడుగు దిమ్మెతో సహా పడిపోతుంది, లేదా లేస్తుంది. పక్కనే 65వ నంబరు జాతీయ రహదారి. విచ్చుకుని లేచిన గొడుగు ఏ బైకు మీద పడుతుందో చెప్పలేం. అంటే పెద్ద గాలికి జవాబు ఇంకా గట్టి లాక్ కాదు. గొడుగును సకాలంలో మూయడం.

అమీన్‌పూర్‌లో ఇది మరీ అవసరం. ఒక పక్క చెరువు ఉంది. నీటి మీద అడ్డులేని గాలి వేగం తగ్గకుండా ఒడ్డుకొస్తుంది. మరో పక్క కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. రెండు ఎత్తైన భవనాల సందులో గాలి ఇరుకున పడి వేగం పెంచుకుంటుంది. మార్చి నుంచి జూన్ దాకా సాయంత్రాలు క్యుములోనింబస్ మేఘాలు (నిట్టనిలువుగా పెరిగే ఉరుముల మేఘాలు) వచ్చినప్పుడు, వాన కంటే ముందు ఈదురుగాలి దూసుకొస్తుంది. వాతావరణ శాఖ మూడు గంటల ముందుచూపుతో హెచ్చరికలు ఇస్తుంది. కానీ ఏ సందులో ఏ నిమిషాన గాలి లేస్తుందో ఆ హెచ్చరిక చెప్పలేదు. దుమ్ము లేవడం చూసి బండివాళ్లు కదిలేలోపు ఉండేది కొద్ది క్షణాలే.

ఆ క్షణాల్లో మామూలు పిన్ను మొరాయిస్తుంది. 36 కిలోల భారం కింద నలిగిన పిన్నును వేళ్లతో లాగలేం. ముందు రన్నర్‌ను కొంచెం ఎత్తి పిన్ను మీది భారం తీసేయాలి. గాలిలో ఒంటి చేత్తో అది సాగదు. అందుకని రన్నర్‌కు దాటుడు లివరు (కీలు గీతను కొంచెం దాటించి నొక్కితే భారమే మూసి ఉంచే లివరు) పెట్టడం మంచిది. పిడి వైపు లివరు పొడవు భారం వైపు పొడవుకు పదింతలైతే 36 కిలోల భారాన్ని నాలుగు కిలోల కంటే తక్కువ బలంతో విడిపించవచ్చు. అయితే విడిపించగానే ఊచలన్నీ ఒక్కసారిగా కిందికొస్తాయి. రన్నర్‌కూ ఊచలకూ మధ్య వేళ్లు నలుగుతాయి. అందుకే పదిహేను సెంటీమీటర్ల కింద రెండో ఆపు ఉండాలి. మొదటి లాగుడుకు గొడుగు సగం ముడుచుకుని గాలి పట్టు పోతుంది. రెండో లాగుడుకు పూర్తిగా మూసుకుంటుంది. పట్టుకునే చోటు ఊచలు మూసుకునే దారికి దూరంగా ఉండాలి.

ఎవరు చేయగలరు?

దీనికి పెద్ద కర్మాగారం అక్కర్లేదు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడల చుట్టూ లేతు, ప్రెస్సు, వెల్డింగు షెడ్లు ఉన్నాయి. పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ 1968 నుంచి బాలానగర్‌లో ఉంది. అమీన్‌పూర్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ ఉంది. నమూనాలు చేసుకోవడానికి రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది.

ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పోచంపల్లి చీరకు ఆసు (మేకుల చుట్టూ నూలును చేత్తో తిప్పే పని) పోయడానికి తల్లి చేతిని వేలసార్లు తిప్పి భుజం నొప్పితో బాధపడటం చూసి ఆయన పని మొదలుపెట్టారు. ఒక్కో కదలికనూ విడిగా సాధిస్తూ 1999 నాటికి యంత్రాన్ని పూర్తి చేశారు. చివరి చిక్కుముడి బాలానగర్ వర్క్‌షాపులో మరో యంత్రం కదలికను చూశాక విడింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కొలత యంత్రం దగ్గర మొదలుకాలేదు, మనిషి భుజం దగ్గర మొదలైంది. గొడుగు లాక్‌కు కూడా కొలత గొడుగు కింద నిలబడే మనిషి చేతి దగ్గరే మొదలుకావాలి.

పరీక్షకు గాలి సొరంగం అక్కర్లేదు. ఎనిమిది ఊచల గొడుగును విప్పి, ప్రతి ఊచకూ మూడింట రెండు వంతుల దూరంలో మూడున్నర లీటర్ల నీళ్ల డబ్బా వేలాడదీయండి. అది 36 కిలోమీటర్ల గాలి. డబ్బాకు 14 లీటర్లైతే 72 కిలోమీటర్ల గాలి. తర్వాత గొడుగును తలకిందులుగా బిగించి అవే డబ్బాలు మళ్లీ వేలాడదీయండి. అది కింది నుంచి ఎత్తే గాలి. రోజుకొకసారి విప్పితే మూడేళ్లకు వెయ్యిసార్లు అవుతుంది. కాబట్టి తడి ఇసుక చల్లి లాక్‌ను వెయ్యిసార్లు తెరిచి మూయాలి. చివరిగా భారం మీద ఉండగానే ఒంటి చేత్తో మూసి చూడాలి, టైము కొలవాలి.

వీధి వ్యాపారుల హక్కులకు 2014లో చట్టం వచ్చింది. వాళ్లకు చిన్న అప్పులిచ్చే పీఎం స్వనిధి పథకం 2020లో మొదలైంది. ఆ అప్పుతో కొనే గొడుగు ఒక్క వేసవికే చెడిపోకూడదు. అందుకే మున్సిపాలిటీలైనా స్వచ్ఛంద సంస్థలైనా గొడుగులు పంచేటప్పుడు రంగునూ ప్రకటన బొమ్మనూ చూసి ఆర్డరివ్వకుండా రెండు అంకెలు అడగాలి. లాక్ ఎన్ని కిలోల భారానికి నిలుస్తుంది? భారం మీద ఉండగా ఒంటి చేత్తో ఎన్ని సెకన్లలో మూసుకుంటుంది? తయారీదారులు ఆ రెండు అంకెలనూ గొడుగు పైపు మీదే ముద్రించాలి. అప్పుడు కొనే మనిషి బేరమాడేది ధర ఒక్కటే చూసి కాదు, తన ప్రాణాన్నీ దారిన పోయేవాళ్ల ప్రాణాన్నీ లెక్కలోకి తీసుకుని బేరమాడతాడు.