రోగికి డయాలసిస్... తోడున్న వారికి విశ్రాంతి ఏదీ?

* ఉద్దానంలో జీవిత భాగస్వాములపై మోయలేని భారం
* సేవ చేసేవారి ఆరోగ్యమూ చికిత్సలో భాగమే

సోంపేట: వారానికి మూడుసార్లు, ఒక్కో విడత సుమారు నాలుగు గంటలు. మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్న రోగి సాధారణంగా డయాలసిస్ యంత్రం వద్ద గడపవలసిన సమయమిది. ఆ సేపంతా ఆసుపత్రి వరండాలో కూర్చునే భార్య లేదా భర్త సమయం మాత్రం ఏ లెక్కలోకీ రాదు. రోగిని వేళకు తీసుకువచ్చేదీ, పథ్యం వండేదీ, మందులు అందించేదీ వారే. వారు మంచం పడితే డయాలసిస్ తప్పుతుంది. ఒక విడత తప్పినా ఒంట్లో నీరు, రక్తంలో పొటాషియం పెరిగి రోగి ప్రాణానికే ముప్పు వాటిల్లవచ్చు. అందుచేత తోడున్న వారు తమ ఆరోగ్యాన్ని కాపాడుకోవడం స్వార్థం కాదు, అవసరం.

శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లోని ఉద్దానం పల్లెలను కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తోంది. వ్యాధికి కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు 2019 నుంచి నెలకు రూ.10 వేల పింఛను అందుతోంది. అయితే రోగితో పాటు వారానికి మూడు రోజుల కూలి పోగొట్టుకుంటున్న తోడు మనిషి గోడు వినేవారు తక్కువ.

మొదట తనకూ రక్తపరీక్ష

ఈ వ్యాధి తొలిదశలో పైకి కనిపించదు. రోగితో పాటు అదే ఊళ్లో ఉంటూ, అదే నీరు తాగి, అదే ఎండలో పనిచేసిన భార్య లేదా భర్త కూడా సీరం క్రియాటినిన్, మూత్రం, రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేయించుకోవాలి. రోగిని లేవనెత్తడం, ప్రయాణాల వల్ల నడుము నొప్పి వస్తే మందుల దుకాణంలో నొప్పి బిళ్లలు కొని వాడడం ఇక్కడ పరిపాటి. కొన్ని రకాల నొప్పి మాత్రలు కిడ్నీలకు హాని చేస్తాయి. వైద్యుడిని అడగనిదే వాటిని మింగరాదు.

రోగి పథ్యం రోగికే

కొబ్బరితోటల సీమలో కొబ్బరినీళ్లు వద్దనడం కష్టమే. అయినా పొటాషియం అధికంగా ఉండడం వల్ల డయాలసిస్ రోగులకు అవి ప్రమాదకరం. పచ్చళ్లు, ఎండుచేపల్లోని ఉప్పు దాహాన్ని పెంచుతుంది. అలాగని రోగి ఎదుట తినలేక ఇల్లాలు కూడా చప్పిడి తిండికి, మిగిలిన మెతుకులకు సరిపెట్టుకోవడం తగదు. కూరను ఒకసారే వండి, ఉప్పు వేయక ముందే రోగి వాటా తీసి పక్కన పెడితే రెండు వంటల శ్రమ తప్పుతుంది. వైద్యుడు చెప్పిన కొలత మేరకు రోజుకు సరిపడా నీటిని ఉదయమే ఒక సీసాలో పోసి రోగికే అప్పగించాలి. దానివల్ల గుక్కగుక్కకూ వారించే బాధ, దాంతో వచ్చే తగవులు తగ్గుతాయి.

భారం పంచుకుంటేనే...

మూడు డయాలసిస్ రోజుల్లో కనీసం ఒకటి కుమారుడో, మరిదో, ఆడపడుచో చూసుకునేలా ముందే మాట్లాడుకోవాలి. మందుల వేళలు, నీటి కొలత, డయాలసిస్ రోజులు ఒక కాగితంపై రాసి గోడకు అతికిస్తే ఎవరు వచ్చినా తడబాటు ఉండదు. ఫిస్టులా ఉన్న చేతికి రక్తపోటు చూడరాదని, సూది గుచ్చరాదని, ఆ చేతిపై బరువు వేయరాదని అందులో రాయాలి. ఆయాసం ఎక్కువైనా, ఫిస్టులా నుంచి రక్తం ఆగకపోయినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. రోగి యంత్రంపై ఉన్న నాలుగు గంటల్లో సిబ్బంది పర్యవేక్షణ ఉంటుంది. కేంద్రంలో చెప్పి, ఆ వేళలో తోడు మనిషి భోజనం చేసి కాసేపు నడుం వాల్చవచ్చు.

కిడ్నీ దానం... ఇష్టంతోనే

1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్యాభర్తలు ఒకరికొకరు కిడ్నీ ఇవ్వగల దగ్గరి బంధువులే. అయితే దాత పూర్తి ఆరోగ్యవంతులని పరీక్షల్లో తేలాలి. ఇష్టపూర్వకంగా ఇవ్వాలే తప్ప బంధువుల ఒత్తిడికి లొంగి కాదు. ఇవ్వలేనని చెప్పే హక్కు భార్యకూ, భర్తకూ సమానమే. ఆ మాటను రోగి ఎదుట చెప్పడానికి జంకేవారు వైద్యుడితో ఏకాంతంగా మాట్లాడవచ్చు.

మనసు కుంగితే దాచవద్దు

ఏళ్ల తరబడి సాగే సేవలో విసుగు, కోపం రావడం సహజం. అవి ప్రేమ తగ్గిందనడానికి గుర్తులు కావు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, ఊరకే ఏడుపు రావడం, దేనిపైనా ఆసక్తి లేకపోవడం కనిపిస్తే వైద్యుడిని సంప్రదించాలి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే క్షణం కూడా ఆగకూడదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ సేవల నంబరు 14416. రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేసే ఈ నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు, డ్వాక్రా సంఘంలోని తోటి మహిళలకు బాధ చెప్పుకున్నా కొంత భారం దిగుతుంది. చూడవచ్చే బంధుమిత్రులు రోగి క్షేమంతో పాటు ‘నువ్వు తిన్నావా, నిద్రపోయావా’ అని తోడున్న వారినీ అడగాలి. ఒక పూట రోగి వద్ద కూర్చుని వారిని నిద్రపోనిస్తే అంతకు మించిన సాయం లేదు.